పల్లావరం సంతలో ఇత్తడి ఫిల్టర్

మా అవ్వ కాఫీ ఫిల్టర్ ఇత్తడిది. తిరుపతిలో మా వీధికి స్టీలు సామాన్ల మోజు వచ్చినప్పుడు ఇంట్లోని బిందెలు, గంగాళం, చెంబులతో పాటు అదీ తూకానికి పోయింది. ఇత్తడి వేసి స్టీలు తెచ్చుకోవడం అప్పట్లో గొప్ప. ఇప్పుడు పొద్దున్నే డికాషన్ కోసం కాచుకుని కూర్చున్నప్పుడల్లా అమ్మ ఆ ఫిల్టర్ మాట ఎత్తుతుంది. "అది ఒక్కటన్నా దాచి ఉండాల్సింది" అంటుంది.

గాంధీరోడ్డులో, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇత్తడి అంగళ్ళకు కొదవ లేదు. కొత్త ఫిల్టర్లు ఉన్నాయి, బాగా మెరుస్తున్నాయి. చేతిలోకి తీసుకుంటే మాత్రం రేకు పలచగా తగిలింది. నాకు గుర్తున్న బరువు కాదది. పాతదే కావాలనుకుంటే చెన్నైలో పల్లావరం శుక్రవారం సంతకు పొమ్మని పుత్తూరులో ఉండే మా మేనత్త చెప్పింది. రెండుసార్లు పోయాను. మొదటిసారి ఉత్త చేతులతో తిరిగొచ్చాను, రెండోసారి దొరికింది. మనవైపు నుంచి పోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రెండు ప్రయాణాలూ కలిపి రాస్తున్నాను.

మొదటిసారి శుక్రవారం పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రేణిగుంట, పుత్తూరు, ఏకాంబరకుప్పం, తిరుత్తణి, అరక్కోణం మీదుగా సెంట్రల్ చేరడానికి మూడు గంటలకు పైగా పట్టింది. సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే పార్క్ స్టేషన్. అక్కడ తాంబరం వైపు పోయే లోకల్ ఎక్కితే ఎగ్మూరు, మాంబళం, గిండీ, మీనంబాక్కం, తిరుశూలం దాటాక పల్లావరం వస్తుంది. టికెట్టు పది రూపాయలకు మించదు. స్టేషన్ నుంచి సంతకు నడిచే పోవచ్చు.

ప్రయాణం బాగానే జరిగింది, చేరిన వేళే బాగాలేదు. నేను పోయేసరికి పదకొండు దాటింది. ఎండ నెత్తిన పడుతోంది, జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఇత్తడి సామాన్లు పరిచినాయన నన్ను చూసి, "మంచివన్నీ తెల్లారకముందే పోయాయమ్మా, అంగళ్ళవాళ్ళు వచ్చి ఎత్తుకుపోతారు" అన్నాడు. ఆయన మాట నిజమే. మిగిలినవి సొట్టలు పడ్డవి, మూతలు లేనివి.

ఆ రాత్రి సెంట్రల్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. ఫోన్‌లో బుక్ చేసుకున్నప్పుడు కిటికీ ఉన్న గది అని ఉంది. ఇచ్చిన గదికి కిటికీ లేదు, బాత్రూంలో నీళ్ళు రావడానికి అర్ధగంట పట్టింది. డబ్బులు ముందే కట్టేశాను కాబట్టి కౌంటర్లో ఉన్న అబ్బాయి రేపు చూద్దాం అన్నాడు. ఒంటరిగా పోయిన ఆడమనిషికి రాత్రి పది గంటలకు ఇలాంటి టెన్షన్ ఎందుకు? గది కళ్ళతో చూశాకే డబ్బు కట్టండి, బుకింగ్ కావాలంటే అక్కడికి పోయాక చెల్లించే పద్ధతి పెట్టుకోండి.

రెండోసారి పద్ధతి మార్చాను. గురువారమే బయలుదేరాను, మేనత్తను వెంటబెట్టుకున్నాను. ఆమె పుత్తూరు స్టేషన్లో అదే బండి ఎక్కింది. ఆమెకు తమిళం మన తెలుగంత సులువు. లాడ్జి ఈసారి ఎగ్మూరులో తీసుకున్నాం. స్టేషన్ ఎదుటి కెన్నెట్ లేన్‌లో వరసగా లాడ్జిలున్నాయి, మూడు చూసి నాలుగోది ఒప్పుకున్నాం. రోడ్డు వైపు గదుల్లో హారన్ల మోత, వెనక వైపు గది అడిగి తీసుకుంటే నిద్ర పడుతుంది. ఎగ్మూరులో ఉండడంలో అసలు లాభం ఏమిటంటే, పల్లావరం పోయే లోకల్ అక్కడే ఆగుతుంది. తెల్లవారుజామున ఆటోవాళ్ళతో బేరం ఆడే పని ఉండదు.

గురువారం పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి శుక్రవారం సెలవు, పల్లావరం సంత శుక్రవారమే. రెండూ చూడాలంటే మ్యూజియం ముందు రోజే చూసుకోవాలి. 1851లో పెట్టిన మ్యూజియం అది. మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడే ఉన్నాయి. వాటి ముందు నిలబడినప్పుడు ఇవి మన గుంటూరు సీమలో ఉండాల్సినవి కదా అని మనసులో కలుక్కుమంటుంది. రాబర్ట్ బ్రూస్ ఫూట్ సేకరించిన రాతి పనిముట్లు కూడా ఆ మ్యూజియానికే చేరాయి. ఆయన జియలాజికల్ సర్వేలో పనిచేసినవాడు. 1863లో మన దేశంలో మొదటి పాత రాతియుగపు పనిముట్టును గుర్తించింది పల్లావరంలోనే. ఆ సంగతి చెబితే మా అత్త, "అయితే ఆ ఊళ్ళో పాత సామాన్లు దొరకడం ఇప్పటిది కాదన్నమాట" అంది. ఆ మాట నాకు మర్నాడంతా గుర్తొస్తూనే ఉంది.

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ గురించి కూడా అడుగుతుంటారు. 1900లో మొదలైన ఆ పాత ఎర్ర భవనం 1985లో కాలిపోయింది. ఇప్పుడు పక్కనే ఉన్న అల్లికుళం కాంప్లెక్సులో అంగళ్ళున్నాయి. నేను గురువారం సాయంత్రం తిరిగి చూశాను. పాత పుస్తకాలకైతే పోవచ్చు, వంటింటి సామాన్లకు మాత్రం పల్లావరానికే నా ఓటు.

శుక్రవారం తెల్లవారుజామునే లేచి, స్టేషన్ దగ్గర ఇడ్లీ తిని లోకల్ ఎక్కాం. ఆ వేళ బండి ఖాళీ, కూర్చోవడానికి చోటు దొరికింది. పల్లావరంలో దిగేటప్పటికి సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు. సంత పాత ట్రంక్ రోడ్డు పొడుగునా సాగుతుంది. మొదట కూరగాయలు, తర్వాత మొక్కలు, బట్టలు, చెప్పులు. అవన్నీ మన ఊరి సంతలోనూ ఉంటాయి, నేను ఆగలేదు. ఇంకొంచెం ముందుకు పోతే అసలు సంత. తలుపులు, కిటికీ రెక్కలు, పాత ఫ్యాన్లు, కుట్టు మిషన్లు, స్పానర్లు, వైర్లు, టీవీ రిమోట్లు కుప్పలు కుప్పలు. ఒకాయన తాళాలు లేని తాళంచెవులు మాత్రమే పరిచి కూర్చున్నాడు. ఎవరు కొంటారని అడిగితే, తాళం ఉండి చెవి పోయినవాళ్ళు వస్తారని చెప్పాడు. మేం చూస్తుండగానే ఒక పెద్దాయన జేబులోంచి పాత ఇనప్పెట్టె తాళం తీసి ఒక్కో చెవీ పెట్టి చూడడం మొదలుపెట్టాడు.

ఇత్తడి సామాన్ల దగ్గర మా అత్త కింద కూర్చుండిపోయింది. చెంబులు, పళ్ళాలు, దీపపు కుందులు, కాఫీ తాగే గ్లాసులు, డబరాలు. చాలావాటి మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు. మన ఇళ్ళల్లో పెళ్ళికి పెట్టే సామాను మీద పేరు, తేదీ చెక్కిస్తారు కదా, అలాంటివే. దాదాపు అన్నీ తమిళంలో ఉన్నాయి. ఒక్క చెంబు మీద మాత్రం తెలుగు అక్షరాలు. ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత ఒక ఆడమనిషి పేరు, కింద 14-5-61 అని తేదీ. అత్త ఆ చుక్కల మీద వేలు పెట్టి రాస్తూ ఉండిపోయింది. "ఎవరి పెళ్ళిదో పాపా, మనవైపు పిల్లే" అంది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు కాసేపు. అంగడాయన కూడా తొందర పెట్టలేదు. ఆ చెంబును మూడు వందలకు తీసుకుంది అత్త, బేరం ఆడకుండా.

ఫిల్టర్ ఆ కుప్పలోనే అడుగున ఉంది. నల్లబడి, లోపల చిలుము పట్టి ఉంది. పైకి తీయగానే బరువు తెలిసింది. పాత ఫిల్టర్ కొనేటప్పుడు ఏం చూడాలో అత్త అక్కడే నేర్పింది. పై గిన్నె కింద గిన్నెలో బిగుతుగా కూర్చోవాలి, అటూ ఇటూ ఊగితే ఆవిరి పోయి డికాషన్ చల్లారుతుంది. పొడిని అదిమే చిల్లుల బిళ్ళ ఉండాలి, దాని కాడ ఊడిపోకూడదు. పై గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే అడుగున చిల్లులు చుక్కల్లా కనపడాలి. మా ఫిల్టర్లో సగానికి పైగా పూడుకుపోయి ఉన్నాయి. అత్త బాటిల్లో నీళ్ళు కొంచెం పోసింది. ఒక పక్క నుంచి సన్నగా దారంలా కారాయి, ఇంకో పక్క ఏమీ లేదు. జడలోంచి పిన్ను తీసి నాలుగు చిల్లులు పొడిచింది. అక్కడ కూడా చుక్క పడింది. "పూడుకుందే తప్ప చెడలేదు" అని తేల్చింది.

ఆయన తొమ్మిది వందలు చెప్పాడు. అత్త తమిళంలో నాలుగు వందలంది. మా ఇద్దరి మాటలు విని ఆయన తెలుగులోకి దిగాడు. తిరుపతి అని చెప్పగానే, "స్వామి ఊరివాళ్ళు, ఆరువందల యాభై ఇచ్చి తీసుకోండి" అన్నాడు. ఇచ్చేశాం. ఫోన్‌తో డబ్బు పంపొచ్చు, అయినా పదులు, యాభైలు చేతిలో ఉంటే బేరం త్వరగా తెగుతుంది.

కొనకూడనివి కూడా చెప్పాలి. సెకండ్ హ్యాండ్ ఫోన్లు బిల్లు లేకుండా తీసుకోకండి. తప్పదనుకుంటే అమ్మేవాడి ఎదుటే *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు చూడండి. ప్రభుత్వ సంచార్ సాథీ సైట్లో ఆ నంబరు కొడితే ఫోన్ బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. నాణేల దగ్గర రాముడు, హనుమంతుడి బొమ్మలతో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ నాణెం అంటూ చూపిస్తారు. కంపెనీ అలాంటివి ముద్రించనే లేదు. దేవుడి బొమ్మ ఉంది కదా అని భక్తితో వేలకు వేలు పోసేవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పిల్లలు పక్షుల కోసం మారాం చేస్తే ఒక్కమాట గుర్తుంచుకోండి. రామచిలుకను కొన్నా, అమ్మినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

సంతలో మాకు ఇబ్బంది అనిపించింది ఒకటే, ఆడవాళ్ళకు సరైన బాత్రూం కనపడలేదు. లాడ్జిలోనే అన్నీ ముగించుకుని రావడం మేలు. నీడ కూడా తక్కువ. తొమ్మిదిన్నరకల్లా మా పని అయిపోయింది. అప్పటికే జనం పోటెత్తుతున్నారు, మేం ఎదురీదుతూ బయటపడ్డాం.

తిరుగు ప్రయాణానికి కూడా రైలే. మన బస్సులు 2018 నుంచి మాధవరం బస్టాండు నుంచి నడుస్తున్నాయి. అది నగరానికి ఉత్తరం కొస, పల్లావరం దక్షిణం కొస. చేతిలో సామాను పెట్టుకుని ఊరు మొత్తం దాటడం కంటే లోకల్లో పార్క్ స్టేషన్‌కు వచ్చి, సాయంత్రం సెంట్రల్లో గరుడాద్రి ఎక్కడం హాయి. చిత్తూరు వాళ్ళకైతే కాట్పాడి దగ్గర, అక్కడి నుంచి సెంట్రల్‌కు బండ్లు ఎక్కువ.

ఇంటికి తెచ్చాక చింతపండు, ఉప్పు వేసి తోమితే పైన నలుపు వదిలింది. లోపల కళాయి, అంటే తగరం పూత, మొత్తం పోయి ఉంది. కళాయి లేని ఇత్తడిలో డికాషన్ పెట్టకూడదు, చిలుము దిగుతుంది. వీధుల్లో అరుచుకుంటూ వచ్చే కళాయివాళ్ళు ఇప్పుడు ఎక్కడ? నాలుగు పాత్రల అంగళ్ళలో అడిగితే చివరికి ఒక ముసలాయన దొరికాడు. బొగ్గుల మీద గిన్నె కాల్చి, నవసాగరం చల్లాడు. తెల్లటి పొగ లేచింది. తగరం ముక్క అంటించి దూదితో గిర్రున తుడిచాడు. నల్లటి లోపలి గోడ కళ్ళముందే వెండిలా తేలింది. చిల్లులు మూసుకోకుండా ఒక్కొక్కటీ సన్న తీగతో పొడిచాడు. రెండు వందలు అడిగాడు, నేను మూడు వందలు ఇచ్చాను.

మర్నాడు పొద్దున అమ్మ పొడి వేసి, బిళ్ళతో అదిమి, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టింది. పది నిమిషాలకు పై గిన్నె కాస్త ఎత్తి కిందికి తొంగి చూసింది. "చిన్నగా దిగుతోంది. అవ్వదీ ఇంతే" అని మళ్ళీ మూత పెట్టేసింది.