బిళ్లలు జరపడం వచ్చేసింది, టెన్స్ సంగతి వేరే

ఇంగ్లిష్ వాక్యాలు ప్రాక్టీస్ చేయించే యాప్‌లు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ వివరాలు వదిలేస్తున్నాను. చాలాకాలంగా వాడుతున్న ఈ యాప్‌లో నా పేచీ అంతా ఒక్క ఫీచర్‌తోనే. చెల్లాచెదురుగా ఉన్న పదాల బిళ్లల్ని వరసలో పెట్టి వాక్యం కట్టే ఆట అది.

మొదట్లో తెలిసినవాళ్లందరికీ ఈ ఆట గురించే చెప్పేదాన్ని. నిజానికి వర్డ్ ఆర్డర్ వరకు మంచిదే. 'అన్నను తమ్ముడు పిలిచాడు' అన్నా, 'తమ్ముడు అన్నను పిలిచాడు' అన్నా మనకు పిలిచింది తమ్ముడే. ఇంగ్లిష్‌లో చోటు మారితే పిలిచిన మనిషే మారిపోతాడు. 'వేర్ ఈజ్ హీ?' అని అడుగుతాం, కానీ అదే ప్రశ్న పెద్ద వాక్యంలోకి వెళ్తే 'ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్' అనాలి. ఇలాంటివి బిళ్లలు జరిపి జరిపి అలవాటవుతాయి.

ప్రజెంట్ పర్ఫెక్ట్ ('ఐ హావ్ సీన్' లాంటి 'హావ్' వాక్యాల టెన్స్) పాఠాలకు వచ్చాక దీని డొల్లతనం బయటపడింది. బిళ్లల్లో 'హావ్' ఉంటుంది, 'సీన్' ఉంటుంది. ఇక 'సా' అనాలా, 'హావ్ సీన్' అనాలా అని మనం ఆలోచించేదేముంది? ఆ పని యాప్ ముందే చేసిపెట్టింది. పైగా మొదటి బిళ్ల కేపిటల్ లెటర్‌తో ఉంటుంది, చివరిదానికి ఫుల్‌స్టాప్ అంటుకుని ఉంటుంది. మధ్యలోవి సర్దగానే చప్పట్లు, నక్షత్రాలు. ఈ టెన్స్‌లో కష్టమంతా 'హావ్' ఎక్కడ పెట్టాలన్న దగ్గర లేదు, ఎప్పుడు వాడాలన్న దగ్గర ఉంది. 'యెస్టర్‌డే' అని గడిచిపోయిన సమయం చెప్పామంటే 'హావ్ సీన్' కుదరదు. అది బిళ్లలు ఎన్ని జరిపినా తలకెక్కదు.

యాప్ తీసేద్దామనుకుంటుండగా సెట్టింగ్స్‌లో బాగా అడుగున కీబోర్డ్ మోడ్ కనిపించింది. దీన్ని అంత లోపల ఎందుకు దాచారో వాళ్లకే తెలియాలి. ఇందులో బిళ్లలుండవు. తెలుగులో ఒక సందర్భం చెప్పి ఖాళీ పెట్టె ఇస్తుంది. 'ఈ ఆఫీసులో పదేళ్లుగా పనిచేస్తున్నాను' అని ఇస్తే మనకు ముందు తోచేది 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్'. ఎర్రగీత ఒక్కటి గీసి ఊరుకోకుండా రెండు తప్పుల్నీ విడివిడిగా చూపిస్తుంది: ఎంతకాలమో చెప్పేటప్పుడు 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెప్పేటప్పుడు 'సిన్స్', ఇంకా చేస్తూనే ఉన్నారు కాబట్టి 'హావ్ వర్క్డ్' లేదా 'హావ్ బీన్ వర్కింగ్'. రెండింటినీ ఒప్పుకుంటుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఇంకా బాగుంది. అదే మనిషి, అదే పదేళ్లు, కాకపోతే ఇప్పుడు ఉద్యోగం మానేశాడు. జవాబు 'ఐ వర్క్డ్ దేర్ ఫర్ టెన్ ఇయర్స్'. పదేళ్లు రెండు చోట్లా ఉన్నాయి, ఉద్యోగం ఉందా పోయిందా తేల్చేది 'హావ్'. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఈ జంట ప్రశ్నల్ని వదలొద్దు.

ఈ మోడ్‌లోనూ చిరాకులున్నాయి. 'ఐ హావ్ ఫినిష్డ్ ద వర్క్ ఆల్రెడీ' అని రాస్తే తప్పన్నది. 'ఆల్రెడీ' మధ్యలో రావడమే ఎక్కువ, కానీ చివర పెట్టినా తప్పు కాదు. ఫిర్యాదు చేస్తే ముందు ఒక థాంక్యూ మెసేజ్, కొన్నాళ్లకు సవరణ వచ్చాయి. 'డిడ్ యూ ఈట్ యెట్?' మాత్రం ఇప్పటికీ తప్పే. అమెరికాలో అలా అడగడం మామూలు విషయం. 'హావ్ యూ ఈటెన్ యెట్?' అనే బ్రిటిష్ పద్ధతే నేర్పుతామంటే సరే, మరి వాక్యాలు చదివి వినిపించే గొంతు అమెరికన్‌ది ఎందుకో! ఇది చాలదన్నట్టు ప్రతి అప్‌డేట్ తర్వాతా యాప్ మళ్లీ బిళ్లల దగ్గరికే తీసుకెళ్తుంది, సెట్టింగ్ మళ్లీ మార్చుకోవాలి.

నా పని ఎక్కువగా మెయిల్స్ రాయడం కాబట్టి టైప్ చేసే పద్ధతి నాకు కలిసొచ్చింది. మాట్లాడటం కోసం చూసేవాళ్లకు ఇది ఎంతవరకు పనికొస్తుందో నేను పూచీపడలేను. పూర్తిగా కొత్తవాళ్లయితే కొన్నాళ్లు బిళ్లలతోనే నడవొచ్చు, ఆ నక్షత్రాల్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. నేనైతే సబ్‌స్క్రిప్షన్ ఇంకో విడత పొడిగించాను, అదీ కీబోర్డ్ మోడ్ కోసమే.