ఇంట్లో కరోకే: ట్రాలీ స్పీకరా, మిక్సరా?

సంక్రాంతికి మా ఇంట్లో కరోకే (గాయకుడి గొంతు లేని ట్రాక్ మోగుతుంటే మనం మైకులో పాడటం) పెట్టుకున్నామని తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న. "మేమూ పెట్టుకుందామనుకుంటున్నాం, ఏం కొనమంటావ్?" అని పిన్ని ఫోన్ చేసింది. ఆఫీసులో ఇద్దరు అడిగారు. కింద ఫ్లాట్ ఆయనైతే లిఫ్టులోనే పట్టుకున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

ఫోన్‌లో పాడుకునే యాప్‌లు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరే పాడుకునేవాళ్లకు. పదిమంది కూర్చున్న హాల్లో వాటితో పని లేదు. స్పీకర్ లోపలే ఉండే చేతిమైకు పిల్లలకు ఆటవస్తువుగా బాగుంటుంది, అంతే. టెంట్ హౌస్ నుంచి అద్దెకు తెచ్చే సౌండ్ డాబా మీద ఫంక్షన్‌కి సరే, హాలుకి మరీ ఎక్కువ.

ఇక చాలామంది చేసేది, మొదటిసారి నేనూ చేసింది ఒకటుంది. ఇంట్లో బ్లూటూత్ స్పీకర్ ఎలాగూ ఉంది, చిన్న కాలర్ మైకు కొని ఫోన్‌కి తగిలిస్తే సరిపోతుంది కదా అని. కిందటేడు నాన్నగారి పుట్టినరోజుకి అలాగే చేశాను. ఆయన పల్లవి హాయిగా ఎత్తుకున్నారు. రెండో లైనుకి తడబడ్డారు, మూడో లైనుకి తాళం పూర్తిగా జారిపోయింది. "వయసైపోయిందిరా" అని మైకు ఇచ్చేశారు. తర్వాత నేను పాడితే నాకూ అదే గతి. అప్పుడుగానీ తెలియలేదు, తప్పు ఆయనది కాదని.

విషయం ఏమిటంటే, గొంతు మైకులోంచి ఫోన్‌లోకి వెళ్లి, అక్కడినుంచి బ్లూటూత్ మీదుగా స్పీకర్‌కి చేరేసరికి మామూలుగా సెకనులో అయిదో వంతు దాకా ఆలస్యం అవుతుంది. 200 మిల్లీసెకన్లే కదా అనిపిస్తుంది. కానీ గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఆ లెక్కన మన స్పీకర్ హాల్లో కాదు, దాదాపు 70 మీటర్ల అవతల వీధి చివర ఉన్నట్టు. మన గొంతు అంత దూరం నుంచి మనకే తిరిగి వినిపిస్తుంటే ఎంత బాగా పాడేవాళ్లైనా దానికోసం ఆగుతారు. ఆగితే పాట ముందుకెళ్లిపోతుంది. మాట్లాడేటప్పుడైనా అంతే, సొంత మాట ఆ మాత్రం ఆలస్యంగా చెవిన పడితే నత్తి వచ్చినట్టు అయిపోతుంది.

అందుకే నన్నడిగితే వాట్లూ, రంగురంగుల లైట్లూ కాదు చూడాల్సింది. మైకుకీ స్పీకర్‌కీ మధ్య బ్లూటూత్ ఉందా లేదా అన్నది ముందు చూడాలి. ఉంటే అక్కడితో వదిలేయండి. ట్రాక్ బ్లూటూత్‌లో వచ్చినా పరవాలేదు. టీవీలో అక్షరాలు కాస్త ముందు నడుస్తాయేమో గానీ, పాడేవాళ్లు చెవినే నమ్ముకుంటారు. అదీ ఇబ్బందైతే ఫోన్‌నీ స్పీకర్‌నీ కలిపే ఒక ఆక్స్ కేబుల్ చాలు. మైకు మాత్రం తిన్నగా వెళ్లాలి.

ఈ పరీక్షలో నెగ్గేవి రెండే. మొదటిది, రెండు వైర్‌లెస్ మైకులతో వచ్చే ట్రాలీ స్పీకర్. ఆ మైకులది మామూలుగా బ్లూటూత్ కాదు, వాటి రిసీవర్ స్పీకర్ డబ్బాలోనే ఉంటుంది, కాబట్టి ఆలస్యం తెలియదు. చక్రాలు, పట్టుకుని లాగడానికి హ్యాండిల్, బటన్ నొక్కగానే పాట. ఎవరూ దగ్గర కూర్చోనక్కర్లేదు. కాకపోతే ఇవి డీజే పాటల కోసం తయారైనవి. బాస్ దడదడలాడుతుంది, మాటలు మునిగిపోతాయి, ఒత్తులు అసలే వినపడవు. ఎకో సగానికి మించి తిప్పితే పాడేది తెలుగో కాదో తెలియదు. (శ్రుతి కుదరనివాళ్లు ఆ ఎకోనే ఇష్టపడతారు, అది వేరే సంగతి.) ఇంకొకటి, ఏడాదికి రెండుసార్లు వాడి మూల పడేస్తే బ్యాటరీ పోతుంది. నెలకోసారైనా ఛార్జింగ్ పెట్టాలి.

రెండోది చిన్న నాలుగు ఛానళ్ల మిక్సర్ (మైకులనీ సంగీతాన్నీ కలిపి స్పీకర్‌కి పంపే పెట్టె), రెండు వైరు మైకులు, వాటికి ఒక పవర్డ్ స్పీకర్, అంటే ఆంప్లిఫయర్ లోపలే ఉండేది. సంక్రాంతికి నేను పెట్టింది ఇదే. మైకుల్లో డైనమిక్ రకం తీసుకోండి, పక్కవాళ్ల కబుర్లు తక్కువ పడతాయి. ఇంట్లో పాత హోమ్ థియేటర్ ఉంటే దానికీ తగిలించవచ్చు గానీ వాల్యూమ్ జాగ్రత్త, దగ్గరగా పెట్టుకుని ఒక్క కేక వేస్తే చిన్న స్పీకర్లు తట్టుకోలేవు. మైకుని టీవీ మీదుగా గానీ సౌండ్‌బార్ మీదుగా గానీ పంపకండి, వాటిలోనూ కొంత ఆలస్యం ఉంటుంది.

మిక్సర్‌లో ఒక్కో గొంతుని విడిగా సరిచేసుకోవచ్చు. బాబాయిది బొంగురు గొంతు, ఆయన మైకులో బాస్ తగ్గించాను. అత్తయ్యది సన్నని గొంతు, కాస్త పెంచాను. సంగీతం వేరు, మైకులు వేరు. ట్రాలీలో మామూలుగా రెండు మైకులకూ కలిపి ఒకటే ఎకో, ఒకటే బాస్. మాటలు అంత స్పష్టంగా మా ఇంట్లో అదివరకెప్పుడూ వినపడలేదు. ఇబ్బందులూ ఉన్నాయి. హాలంతా వైర్లే, పిల్లల కాళ్లకి తగులుకుంటాయి. ఎవరైనా మైకు పట్టుకుని స్పీకర్ ముందుకొస్తే చెవులు చిల్లులు పడేలా ఈల వేస్తుంది. మైకు తల మీది జాలీని గుప్పిట్లో మూసి పట్టుకున్నా అంతే. పైగా మిక్సర్ దగ్గర ఒకరు కాపలా ఉండాలి. మా ఇంట్లో అది నేనే, ఆ సాయంత్రమంతా నేను పాడింది రెండు పాటలు.

ఏది కొన్నా శ్రుతి గొడవ తప్పదు. ట్రాక్‌లు చాలావరకు అసలు పాట శ్రుతిలోనే ఉంటాయి. బాలు గారు అలవోకగా అందుకున్న చరణం మనకి గొంతు చించుకున్నా అందదు. అందుకని ఫోన్ బదులు ల్యాప్‌టాప్ కలపండి. బ్రౌజర్‌లో శ్రుతి మార్చే ఎక్స్‌టెన్షన్లు ఉంటాయి, రెండు మూడు మెట్లు దించితే మగవాళ్లు నవ్వుతూ పాడతారు. ఇంకో చిన్న సంగతి, ట్రాక్ ఎంచేటప్పుడు ఏ లిపిలో ఉందో చూసుకోండి. డాలస్ నుంచి వచ్చిన మా అక్క పిల్లలకి ఇంగ్లీషు అక్షరాలు కావాలి, అమ్మమ్మకి అవి చదవడం రాదు.

పిన్నికి ట్రాలీయే కొనమన్నాను. వాళ్లింట్లో వైర్లు కలిపే ఓపిక ఎవరికీ లేదు, ఉగాదికీ దసరాకీ తప్ప బయటికి తీయరు. ఆఫీసు ఇద్దరికీ మిక్సర్ చెప్పాను, ఒకరు విన్నారు, ఇంకొకరు లైట్లున్న ట్రాలీ ఫొటో పంపారు.

కింద ఫ్లాట్ ఆయనకి మాత్రం మిక్సర్ అని గట్టిగా చెప్పాను. రాత్రి 10 తర్వాత నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన కూడా గుర్తుచేశాను. మామూలు కబుర్లే దాదాపు 60 ఉంటాయి మరి. గోడలు దాటి వచ్చేది ముందు బాసే. ఆయన హాలు సరిగ్గా మా పడగ్గది కింద ఉంది.