రేగడి బురద వదిలించే ప్రెజర్ వాషర్, ఫోమ్ గన్: చాలాకాలం వాడాక నా సమీక్ష

కర్నూలు జిల్లాలో కారు నడిపేవాళ్లకు రెండు రకాల బురద తప్పదు. ఆదోని, ఆలూరు వైపు పోతే నల్లరేగడి. తుగ్గలి, జొన్నగిరి వైపు పోతే ఎర్రమట్టి. మాకు ఒకవైపు చేను, ఇంకోవైపు చుట్టాలు ఉన్నారు కాబట్టి వానాకాలమంతా కారు ఈ రెండు రంగుల్లో ఏదో ఒకటి పూసుకునే ఇంటికొస్తుంది. కారుది ముదురు నీలం. ఎండలో నిలబెడితే సన్నని గీత కూడా దాగదు. అందుకే కొన్నేళ్లుగా ఇంటి దగ్గరే కడుగుతున్నా. నీళ్లను బలంగా చిమ్మే చిన్న ప్రెజర్ వాషర్, దానికి తగిలించే ఫోమ్ గన్ (షాంపూను నురుగుగా చిమ్మేది), రెండు బకెట్లు, మైక్రోఫైబర్ గ్లవ్వులు, ఆరబెట్టే టవల్. ఈ సరంజామా మొత్తం మీద నా అనుభవం ఇది. మిషన్ ఏ కంపెనీది అన్నదాని జోలికి పోవడం లేదు. 1,500 నుంచి 1,800 వాట్ల మధ్య దొరికే ఇంటి మిషన్ల పనితనంలో పెద్ద తేడా ఉండదు.

నా తీర్పు ముందే చెప్తా. బురదకు నానే సమయం ఇస్తే మామూలు మిషన్ కూడా చాలు. ఇవ్వకపోతే ఎంత పెద్ద మిషన్ తెచ్చినా చివరికి చేత్తో రుద్దాల్సి వస్తుంది. రంగు పాడయ్యేది ఆ రుద్దుడులోనే.

కారు రంగు మీద మెరిసే పై పొరను క్లియర్ కోట్ అంటారు. అది సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కూడా ఉండదు. మన ఎర్రమట్టి నిండా పలుగురాయి ఇసుక. మోస్ కొలమానంలో పలుగురాయి గట్టిదనం 7, గాజు కంటే ఎక్కువ. ఆ ఇసుక గుడ్డ కిందికి చేరితే పై పొర ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎండలో బానెట్ మీద సాలెగూడులా గుండ్రంగా కనిపించే గీతలన్నీ అలా వచ్చినవే. రేగడి మెత్తగా ఉంటుంది, దాంతో గీతలు పడవని చాలామంది అనుకుంటారు. రేగడిలోని బంకమన్ను సన్ననిదే, నిజం. కానీ అది దారిలో దొరికిన ఇసుకను, సున్నపురాయి పలుకులను తనలో కలుపుకుని అంటుకుంటుంది. పైకి నున్నగా కనబడుతుంది, గరుకంతా లోపల ఉంటుంది. నా మటుకు ఎర్రమట్టి కంటే దానికే ఎక్కువ భయపడతా.

నానబెట్టే పద్ధతి కూడా రెండింటికీ ఒకటి కాదు. ఎర్రమట్టి మీద నీళ్లు చల్లి కాస్త ఆగితే చాలు, జారిపోతుంది. రేగడి అలా కాదు. తడి తగలగానే పైపొర ఉబ్బి మూత పడ్డట్టు అవుతుంది, అడుగున ఉన్నది పొడిగానే ఉంటుంది. అందుకే ఒకేసారి ఎక్కువ నీళ్లు కుమ్మరించి లాభం లేదు. సన్నని ధారతో తడపాలి, పది నిమిషాలు ఆగాలి, మళ్లీ తడపాలి. బాగా గడ్డకట్టి ఉంటే మూడోసారి కూడా. ఇదంతా నీడలోనే. మన ఊరి ఎండలో బానెట్ మీద నీళ్లు పది నిమిషాలు నిలవవు. నేను పొద్దున్నే, లేదంటే సాయంత్రం ఎండ దిగాక మొదలుపెడతా. కుదిరితే చేను నుంచి వచ్చిన రోజే కడగడం మేలు. తెల్లారితే అదే రేగడి పెంకు కడుతుంది. ఆ పెంకును గోటితోనో పుల్లతోనో గీకి తీయడం మాత్రం వద్దు.

మొదట టైర్ల పైన ఉండే లోపలి గూళ్లు కడుగుతా, ఆ తర్వాతే బాడీ. అక్కడి బురద చిమ్మి బాడీ మీద పడుతుంది కాబట్టి ఈ క్రమం తప్పకూడదు. గూళ్ల మూలల్లో పట్టిన రేగడి రోజుల తరబడి తడి పట్టి ఉంచుతుంది, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. అక్కడ మిషన్ పూర్తి బలం వాడొచ్చు. బాడీ మీద మాత్రం వెడల్పుగా చిమ్మే 40 డిగ్రీల నాజిల్ (తెల్ల రంగుది) పెట్టి, అడుగు దూరం తగ్గకుండా పట్టుకుంటా. పెట్టెలో గిరగిరా తిరుగుతూ ధార కొట్టే టర్బో నాజిల్ ఒకటి వస్తుంది. అది గచ్చుకూ ప్రహరీ గోడకూ బాగుంటుంది, కారు దగ్గరికి రానివ్వొద్దు. రాయి తగిలి రంగు లేచిన చోట దగ్గరనుంచి కొడితే ఆ అంచు ఇంకా ఊడుతుంది. తలుపుల రబ్బర్లు, వెనక సెన్సర్లు, ముందున్న రేడియేటర్ రేకులు కూడా జాగ్రత్తగా చూసుకోవాల్సినవే. ఆ రేకులు వంగితే రేడియేటర్ గుండా గాలి సరిగా పోదు, ఇంజిన్ సరిగా చల్లబడదు.

ఇక ఫోమ్ గన్. ఈ సరంజామాలో నేను అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకునేది దీన్నే. మిషన్‌తో పాటు ఉచితంగా వచ్చే ప్లాస్టిక్ సీసా సబ్బు నీళ్లు చిమ్ముతుంది తప్ప నురుగు రాదు. ఇత్తడి తలకాయ, లీటరు సీసా ఉన్న గన్ విడిగా కొనుక్కోవాలి. చిక్కని నురుగు బాడీ మీద నిలబడి మెల్లగా కిందికి జారుతుంటే దాంతో పాటు మట్టి కూడా దిగడం కళ్లారా కనిపిస్తుంది. చెయ్యి తగలకుండానే సగానికి పైగా పని అయిపోతుంది. కింద నుంచి పైకి కొడతా, ఎందుకంటే బురద ఎక్కువుండే కింది భాగం ఎక్కువసేపు నానాలి. ఐదు నిమిషాలు ఆగి, నురుగు ఆరకముందే పైనుంచి కిందికి నీళ్లతో కడిగేస్తా. రేగడి అయితే ఇదే ఇంకోసారి. షాంపూ పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసి ఉన్నదే వాడండి. గిన్నెలు తోమే ద్రవం, బట్టల పొడి వాడితే మురికితో పాటు మైనపు పూత కూడా పోతుంది.

అప్పుడు గానీ చెయ్యి పెట్టను. అప్పటికి కంటికి కనబడే మట్టి ఏదీ మిగలకూడదు. వేలు తడిపి డోర్ అంచు మీద మెల్లగా ఆనిస్తే గరుకు తెలుస్తుంది. తెలిస్తే మళ్లీ నురుగే. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, ఇంకో బకెట్లో ఒట్టి నీళ్లు, రెండింటి అడుగునా జల్లెడలాంటి ప్లాస్టిక్ పళ్లెం. గ్లవ్‌ను ఒట్టి నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. టాపు నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, గుండ్రంగా తిప్పకుండా నిలువుగా లాగాలి. తలుపుల కింది భాగానికి, బంపర్లకు వేరే గ్లవ్ పెట్టుకున్నా. ఈ పాత బనియన్లు, స్పాంజీలు నాకు నచ్చవు. స్పాంజీ నున్నటి ముఖానికి ఇసుక పట్టుకుంటే అది లోపలికి పోవడానికి దారి ఉండదు, రంగుకే ఒరుసుకుంటుంది.

మాకు ఎక్కువ ఇబ్బంది పెట్టింది మట్టి కంటే నీళ్లు. మా వీధిలో బోరు నీళ్లు బాగా ఉప్పు. నురుగు పలచగా వస్తుంది, ఆరితే తెల్లమచ్చలు. అదే మచ్చ ఎండలో పదే పదే కాలితే రంగులోకి దిగిపోయి పాలిష్ పెడితే గానీ పోదు. మిద్దె మీద పడిన వాన నీళ్లు డ్రమ్ములో పట్టి ఉంచుకుంటే చివరి కడుగుడుకు అంతకంటే మంచివి లేవు, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. డ్రమ్ము ఖాళీ అయితే కొళాయి నీళ్లు వాడతా. ఆర్వో మిషన్ వదిలే వృథా నీళ్లు కారుకు వాడుతున్నామని కొందరు గొప్పగా చెప్తారు. ఆ ఆలోచన మంచిదే, కానీ ఫిల్టర్ ఆపిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. టైర్ల గూళ్లు కడగడానికి వాడుకోండి, బాడీకి వద్దు. నీళ్ల ఖర్చు మాత్రం మిషన్‌తోనే తక్కువ. నిమిషానికి ఆరు లీటర్ల దాకా తీసుకుంటుంది, ట్రిగ్గర్ వదలగానే ఆగిపోతుంది. తెరిచి పడేసిన పైపుతో పోలిస్తే ఎంతో నయం.

ఇన్నాళ్లలో మిషన్ పెట్టిన ఇబ్బందులు కూడా చెప్పాలి. బోరు నీళ్లలోని సన్న ఇసుక లోపలికి వెళ్లే చోట జాలీని మూసేస్తుంది, తీసి కడగడం అలవాటు చేసుకోవాలి. ఫోమ్ గన్ లోపలి జాలీకి ఉప్పు పేరుకుంటుంది. నురుగు పలచబడిందంటే దాన్ని వెనిగర్‌లో నానబెట్టండి, మళ్లీ చిక్కగా వస్తుంది. గొట్టాల అతుకుల దగ్గర రబ్బరు రింగులు అరిగి కారతాయి. రింగులు చవకే, కొన్ని దగ్గర ఉంచుకోవడం మంచిది. మిద్దె ట్యాంకు కొళాయి ఒత్తిడి సరిపోకపోతే బకెట్ నుంచి పీల్చుకునే గొట్టం వాడాలి, కానీ మొదట గొట్టంలో గాలి పోయేదాకా గన్ నొక్కి పట్టాలి. ఉత్తగా తిప్పితే పంపు దెబ్బతింటుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వేడెక్కుతుంది, తడి నేల మీద అది ప్రమాదం. చప్పుడు ఎక్కువ, మధ్యాహ్నం నిద్రల వేళ పక్కింటివాళ్లకు చెప్పి మొదలుపెట్టడం మర్యాద.

కారు అడుగు భాగం మాత్రం ఇంట్లో కుదరదు. దానికి ర్యాంపు ఉన్న వాటర్ సర్వీసింగ్ దగ్గరికే పోతా. అక్కడి పిల్లోడు ప్రతిసారీ అడుగుతాడు, “అన్నా, కింద డీజిల్ కొట్టమంటావా?” అని. “వద్దులేబ్బా, ఒట్టి నీళ్లు చాలు, పైన గుడ్డ పెట్టొద్దు” అంటా. డీజిల్ తగిలితే రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి, దుమ్ము ఇంకా ఎక్కువ అంటుకుంటుంది. పైన గుడ్డ ఎందుకు వద్దంటానంటే, ట్రాక్టరుకూ కారుకూ అక్కడ అదే స్పాంజీ. వాళ్లకు వరుసలో బండ్లు నిలబడి ఉంటాయి, నానబెట్టే తీరిక ఎక్కడిది. అపార్ట్‌మెంట్‌లో ఉండి మిషన్ పెట్టుకునే వీలు లేనివాళ్లు అక్కడ నీళ్లు, నురుగు వరకే కొట్టించుకుని, గ్లవ్ పని ఇంటికొచ్చి చేసుకోవచ్చు.

ఆరబెట్టే టవల్ దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. వెయ్యి జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) పైన ఉన్న, మెలితిప్పిన పోగుల టవల్ తీసుకోండి. పరిచి మెల్లగా లాగితే చాలు, ఒక్కటే కారు మొత్తం ఆరబెడుతుంది. కింద పడితే ఉతికేదాకా ముట్టుకోను. ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. బట్టలు మెత్తబడటానికి వేసే ద్రవం దీనికి పడదు, పోగులు నీళ్లు పీల్చడం మానేస్తాయి. టవల్ పని అయ్యాక స్ప్రే సీలెంట్ (మైనానికి బదులు రంగు మీద కొట్టే రక్షణ పూత) పలచగా కొడతా. ఇక్కడి ఎండలకు మైనం ఎక్కువకాలం నిలవలేదు, సీలెంట్ నయమనిపించింది. ఆ పూత ఉన్నప్పుడు రేగడి అంత గట్టిగా పట్టుకోదు, తర్వాతిసారి నానబెట్టే సమయం తగ్గుతుంది.

అంతా అయ్యాక తలుపుల అడుగు అంచున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు చూడండి. రేగడి వాటిని మూసేస్తే లోపల నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా తెరవాలి. తర్వాత వీధి చివరిదాకా నిదానంగా నడిపి రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే డిస్కులు ఆరిపోతాయి. తిరిగొచ్చేసరికి అద్దాల వెనకనుంచి, నంబర్ ప్లేటు కిందనుంచి ఇంకాస్త నీళ్లు కారి ఉంటాయి. మా బోరు నీళ్లయితే ఆ చారలను ఆరనివ్వకుండా అప్పుడే తుడిచేయాలి.