మహబూబ్‌నగర్‌లో జార్జియా సరోగసీ ప్యాకేజీ ఫ్రీ కౌన్సెలింగ్: 5కి 2 స్టార్లు

ఏజెన్సీ పేరు రాయట్లేదు. హైదరాబాద్ వాళ్లు, న్యూటౌన్‌లో హోటల్ హాలు తీసుకుని కౌన్సెలింగ్ పెడితే, దసరాకు వచ్చిన అన్నావదినలతో నేనూ వెళ్లాను. ఇద్దరూ లండన్‌లో ఉంటారు, బ్రిటిష్ పౌరసత్వం వచ్చేసింది, వదినకు గర్భసంచి తీసేశారు.

ముందు మంచి చెప్తా. ఏసీ హాలు, చాయ్, సమోసా, మర్యాదకు లోటు లేదు. మన దగ్గర డబ్బిచ్చి సరోగసీ చేయించుకోవడం 2022 జనవరి నుంచి బంద్ కదా, డబ్బు తీసుకోకుండా మోసిపెట్టే ఆమె మాకెక్కడ దొరుకుతుంది, అందుకే జార్జియా, అమెరికాలోది కాదు, టర్కీ పక్కనున్న దేశం. అక్కడ 1997 నుంచి చట్టబద్ధం, అదీ నిజమే. మెడికల్ సంగతులు డాక్టరమ్మ చాలా ఓపిగ్గా చెప్పింది, ఆ రెండు స్టార్లూ ఆమెకే.

పేపర్ల దగ్గరికి వచ్చేసరికి "బర్త్ సర్టిఫికెట్ మీద అమ్మానాన్నలుగా మీ పేర్లే ఉంటాయి సార్, ఇంకేం టెన్షన్" అని ఒకటే పాట. వదిన ఊరుకోలేదు. "మోసే ఆమెకు పెళ్లయిందా?" అని అడిగింది. మార్కెటింగ్ అబ్బాయి నవ్వాడు. "ఆమె సంసారం సంగతి మనకెందుకు మేడం!"

మనకే కావాలి బాబూ. బ్రిటన్ చట్టం ప్రకారం ఏ దేశంలో కన్నా సరే కన్నదే తల్లి, అండం వదినదైనా అంతే. ఆమెకు పెళ్లయి ఉంటే, భర్త ఒప్పుకోలేదని తేలితే తప్ప, అతనే తండ్రి. అప్పుడు మా అన్న బిడ్డే అయినా బ్రిటిష్ పౌరసత్వం దానంతటదే రాదు, రిజిస్ట్రేషన్‌కు అప్లై చేసుకుని ఎదురుచూడాలి. జార్జియాలో పుట్టినంత మాత్రాన అక్కడి పౌరసత్వమూ రాదు. చేతిలో బిడ్డ, పాస్‌పోర్టు లేదు, హోటల్ బిల్లు మాత్రం పెరుగుతూ ఉంటుంది.

ఇది ఊహించి భయపెట్టడం కాదు, 2008లో గుజరాత్‌లోని ఆనంద్‌లో జర్మన్ దంపతుల కోసం పుట్టిన కవలలు, సరోగసీని జర్మనీ ఒప్పుకోకపోవడంతో ఏ దేశానికీ చెందకుండా రెండేళ్లు ఇక్కడే ఉండిపోయారు.

ఇక పేరెంటల్ ఆర్డర్ అనే మాట వాళ్ల నోట ఒక్కసారీ రాలేదు. లండన్ వెళ్లాక అన్నావదినలు చట్టం ముందు తల్లిదండ్రులు కావాలంటే కోర్టు ఇచ్చే ఆ ఆర్డరే ఆధారం. పుట్టిన 6 నెలల్లోపు అప్లై చేయాలి, దంపతుల్లో ఒకరికైనా బిడ్డతో రక్తసంబంధం ఉండాలి, కన్న ఆమె ఒప్పుకోలు కావాలి, అది కూడా కాన్పయ్యి 6 వారాలు దాటాక ఇస్తేనే చెల్లుతుంది. భర్త తండ్రిగా లెక్కకొస్తే అతని సంతకం కూడా. అప్పుడు ఆమెను వెతికి సంతకం ఎవరు పెట్టిస్తారు అని అన్న అడిగితే "మా ప్యాకేజీ డిశ్చార్జి వరకే సార్" అన్నారు. లక్షలకు లక్షలు తీసుకుని! అసలు పని మొదలయ్యేదే డిశ్చార్జి తర్వాత.

మీవాళ్లు అమెరికాలో ఉన్నా, గల్ఫ్‌లో ఉన్నా, బిడ్డ ఎక్కడ పుడుతుందో అక్కడి చట్టం ఒక్కటే చూసుకుంటే సరిపోదు, బిడ్డను తీసుకెళ్లి పెంచే దేశం చట్టం తెలిసిన లాయరుకు ముందు ఫీజు కట్టండి.

అక్కడికక్కడే 25 వేలు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోమన్నారు. లండన్‌లో లాయరును కలిశాక చూస్తామని అన్న లేచి వచ్చేశాడు. ఫారంలో నా నంబరు రాసిచ్చిన పాపానికి ఆ మార్కెటింగ్ అబ్బాయి ఇప్పుడు నాకు దీపావళి ఆఫర్ మెసేజ్‌లు పెడుతున్నాడు.