డాబా మీద తెల్లపూత: ఐదు వానాకాలాల తరువాత

మా వంటగది పైన శ్లాబులో తూర్పు నుంచి పడమరకు దాదాపు ఏడడుగుల పొడవున ఒక నెర్రె ఉంది. 1998లో తెనాలిలో మేము ఇల్లు కట్టుకున్న నాలుగైదేళ్లకే అది బయటపడింది. అప్పటి నుంచి ఇంచుమించు ప్రతి వేసవిలోనూ దానిలో సిమెంటు పాలు పోయించడం, వానాకాలం వచ్చేసరికి అదే చోట వెంట్రుకవాసి సందు మళ్లీ తెరుచుకోవడం, పొయ్యి పక్కన గిన్నె పెట్టుకుని వంట చేసుకోవలసి రావడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. 2021 మే నెలలో డాబా మొత్తానికి సాగే గుణమున్న తెల్లని యాక్రిలిక్ పూత నా చేతులతో నేనే వేశాను. ఐదేళ్లు కావస్తోంది, ఆ నెర్రె నుంచి ఒక్క చుక్క కూడా మళ్లీ వంటగదిలోకి దిగలేదు. ఈ సమీక్ష రాయాలనిపించడానికి కారణం ఆ సంతోషమే. ఏ కంపెనీ డబ్బా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ రకం పూతలన్నిటికీ వర్తించేవే.

సిమెంటు పాలు ఎందుకు నిలవలేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. శ్లాబు మనకు కదలకుండా కనిపిస్తుంది గాని, ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పది మీటర్ల పొడవున్న కాంక్రీటు ముప్ఫై డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. వేసవి మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకూ మధ్య అంత తేడా మా డాబా ప్రతిరోజూ చూస్తుంది. ఆ కదలికంతా బలహీనంగా ఉన్న నెర్రె దగ్గరే తేలుతుంది కాబట్టి, రాయిలా గట్టిపడే పదార్థం దేనితో నింపినా అది పక్క నుంచి విడిపోక తప్పదు. మా తాతగారి ఇంటి డాబా మీద సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ, రోజుల తరబడి చెక్కలతో కొట్టి గచ్చు వేసేవారు. సున్నపు గచ్చుకు కొంత ఒదిగే స్వభావం ఉండేది. ఇప్పుడు ఆ పనివారూ లేరు, అంత ఓపికా లేదు. ఆ ఒదిగే స్వభావాన్నే ఈ పూత మరో రకంగా తిరిగి తెచ్చిందని నేను భావిస్తున్నాను.

పని నేనే మొదలుపెట్టడానికి కారణం ఆనాటి పరిస్థితి. కోవిడ్ రెండో విడత కర్ఫ్యూ వల్ల మధ్యాహ్నం 12 గంటలకే దుకాణాలు మూసేసేవారు. పనివారిని పిలవడానికి మాకు ధైర్యం లేదు, రావడానికి వారికీ లేదు. బడి లేదు కాబట్టి నాకు తీరిక ఉంది. తొమ్మిది వందల చదరపు అడుగుల డాబాకు ఇరవై లీటర్ల డబ్బాలు రెండు, ప్రైమరు, పగుళ్లు నింపే ముద్ద, ఫైబరు జాలీ, రెండు రోలర్లు, వైరు బ్రష్షులు తెచ్చుకున్నాను. కడగడం, ఆరబెట్టడం, ప్రైమరు కొట్టడం ఎలాగో డబ్బా మీదే రాసి ఉంటుంది కనుక ఆ వివరాల జోలికి పోను.

నెర్రె దగ్గర చేసిన పని మాత్రం చెప్పాలి. సన్నటి ఉలితో ఆ ఏడడుగుల పొడవునా, నాగలి చాలులా లోపల ఇరుకుగా పైన వెడల్పుగా, అర సెంటీమీటరు లోతున చెక్కాను. దుమ్మంతా పాత టూత్ బ్రష్షుతో తీసి, ముద్ద నింపి, ఒక రోజు ఆరనిచ్చాను. దాని మీద నాలుగంగుళాల వెడల్పున పూత దట్టంగా రాసి, అది తడిగా ఉండగానే జాలీ ముక్కను పరిచి, బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు అదుముతూ పోయాను. జాలీ కళ్లలోంచి తెల్లని పూత పైకి ఉబికి, గళ్లు కనిపించకుండా పోయేదాకా ఆ అదమడం ఆపకూడదు. గళ్లు తేలి కనిపిస్తే కింద గాలి ఉన్నట్టే. ఈ ఏడడుగులకే ఒక ఉదయమంతా పట్టింది. తరువాత డాబా అంతటికీ మొదటి పూత ఉత్తర దక్షిణాలుగా, రెండోది తూర్పు పడమరలుగా, పడుగూ పేకా లాగా వేశాను. ఎండెక్కితే శ్లాబు వేడికి రోలరు మీదే పూత ఆరిపోయి పొక్కులు కడుతుంది కాబట్టి, ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తరువాత మాత్రమే పని చేశాను.

ఆ ఏడాది నుంచి ప్రతి మే నెలలోనూ నేను ఆ నెర్రె దగ్గర కూర్చుని చూస్తాను. వేలితో తడిమితే కింద సందు ఉన్నట్టు సన్నటి గాడి తెలుస్తుంది. డిసెంబరు చలిలో ఆ గాడి కొంచెం విచ్చుకున్నట్టు, వేసవిలో మూసుకున్నట్టు తేడా కూడా తెలుస్తుంది. పైన పూత మాత్రం చిట్లలేదు. కింద కాంక్రీటు కదులుతుంటే దానితో పాటు సాగి, మళ్లీ దగ్గరకు వస్తోంది. ఇరవై ఏళ్లు మేస్త్రిల చుట్టూ తిరిగినా దొరకని పరిష్కారం నాలుగంగుళాల జాలీ పట్టీలో దొరికిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మాకు దగ్గరే ఉన్న బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు, రాత్రంతా టార్చిలైటుతో వంటగది కప్పును చూస్తూ గడిపాను. తెల్లారేసరికి కప్పు పొడిగా ఉంది. ఆ వారంలో మా వీధిలో కనీసం నలుగురికి ఈ పూత వేసుకోమని నేనే చెప్పాను.

నేను అనుకోకుండా దొరికిన లాభం చల్లదనం. మొదటి వేసవిలో నా భార్య మధ్యాహ్నం రెండింటికి చెప్పులు లేకుండానే ఆరిన బట్టలు తీసుకుని దిగివచ్చింది. అంతకు ముందు ఆ వేళకు డాబా మీద అడుగు మోపడం సాధ్యమయ్యేది కాదు. రాత్రి పదింటికి పై గదిలో పంకా కింద కూర్చుంటే కప్పు నుంచి దిగే సెగ తగ్గినట్టు అందరికీ తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానాన్నే ప్రకటించింది కాబట్టి, ఇది మా ఇంటి అనుభవం మాత్రమే కాదు. అయితే ఈ చల్లదనం తెల్లదనం ఉన్నంతకాలమే. రెండో ఏడాదికి దుమ్ము, వేపాకుల మరకలు, పాచి పట్టి డాబా బూడిద రంగుకు తిరిగింది, సెగ కూడా కొంత తిరిగి వచ్చింది. ఇప్పుడు ప్రతి మార్చిలోనూ మెత్తటి చీపురుతో, సబ్బు నీళ్లతో ఒక పూటంతా కడుగుతున్నాను. కడిగిన తరువాత కూడా మొదటి ఏడాది తెలుపు రాదు.

ఇక చెడు గురించి చెప్పాలి. 2024 ఆగస్టు 31న మొదలైన వాన, బుడమేరు పొంగి విజయవాడను ముంచిన ఆ వాన, మాకూ ఆగకుండా కురిసింది. సెప్టెంబరు 1 సాయంత్రం నైరుతి మూల పడకగదిలో కప్పు మీద టీ మరక లాంటి మచ్చ కనిపించింది. రాత్రికి అది పళ్లెమంత అయింది. తెల్లారేసరికి సున్నం ఉబ్బి, పెచ్చు ఊడి, బీరువా మీద పేర్చుకున్న నా పాఠ్యపుస్తకాల మీద పడింది. పాత ఇల్లు కురిసినట్టు గది కురుస్తుంటే, నలుగురికి సిఫారసు చేసిన వాడిగా నాకు ఎంత బాధ కలిగిందో చెప్పలేను. వాన వెలిసిన రెండో రోజు డాబా ఎక్కి చూస్తే, వాన నీటి గొట్టం ఉన్న మూలలో, పిట్టగోడకు ఆనుకుని, పూత అప్పడంలా పొంగి ఉంది. బొటనవేలితో నొక్కితే లోపల నీళ్లు ఒక వైపు నుంచి మరో వైపుకు జారుతున్నాయి.

బిల్లు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. డబ్బా ముందు భాగంలో ఏడేళ్లు అని పెద్ద అక్షరాలతో ఉన్న మాటకు, పక్కన చిన్న అక్షరాలతో ఉన్న షరతు ఏమిటో అక్కడ చదివి వినిపించారు: నీళ్లు నిలిచే చోటుకు హామీ వర్తించదు. కొన్న రోజున ఆ మాట ఎవరూ చెప్పలేదు. రెండు మాటలూ ఒకే పరిమాణంలో అచ్చువేయడం కంపెనీ ధర్మమని నా అభిప్రాయం, ఎందుకంటే మన ఊళ్లలో పాత డాబాలలో నీళ్లు నిలవని మూల లేనిది అరుదు.

మా ఇంటికి మొదట్లో పని చేసిన వృద్ధ మేస్త్రిగారు కబురు పంపితే వచ్చారు. పొంగిన చోట చాకుతో గాటు పెట్టి లాగారు. పూత పాము కుబుసంలా చెయ్యెడు పొడవున ఒకే పొరగా లేచి వచ్చింది. వెనక్కి తిప్పి నాకు చూపించారు. వెనుక భాగమంతా నల్లని పాచి పొడి అంటుకుని ఉంది. అంటే పూత శ్లాబుకు అంటుకోలేదు, శ్లాబు మీది పాచికి అంటుకుంది. ఆ మూల వేసిన రోజు నాకు గుర్తుంది: మబ్బు పట్టింది, వైరు బ్రష్షు అరిగిపోయింది, దుకాణం మూసేశారు, చీపురుతో ఊడ్చి, అదే చాలనుకుని వేసేశాను. తరువాత ఆయన రసమట్టం పెట్టి చూశారు. గొట్టం నోటి కంటే దానికి రెండడుగుల ఇవతల శ్లాబు పల్లంగా ఉంది. వాన వెలిశాక కూడా అక్కడ ఎనిమిది మిల్లీమీటర్ల నీళ్లు రోజుల తరబడి నిలుస్తున్నాయి.

"పూతది కాదు మాస్టారూ, వాటానిది తప్పు. నీళ్లు పోయే దారి చూపించకుండా దేంతో అలికినా ఇంతేనండీ," అన్నారు.

ఆయన చెప్పిన ప్రకారం ఆ పని కూడా నేనే చేశాను, ఆయన దగ్గర కూర్చుని చూశారు. మూడడుగుల మేర పూతంతా గీకి, పాచిని బ్లీచింగ్ పౌడరు నీళ్లతో రెండుసార్లు కడిగి, ఉలితో గరుకు చేశాం. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక, నీళ్లలో కొంత పట్టు కోసం లేటెక్స్ ద్రవం కలిపి, గొట్టం వైపుకు వాటం తీశాం. పిట్టగోడా శ్లాబూ కలిసే మూలను సూటిగా వదలకుండా, అదే మాలుతో రెండంగుళాల మేర అరచేతి గుంటలా గుండ్రంగా తీర్చాం. ఆ మూల దగ్గరే గోడ ఒక తీరున, శ్లాబు మరో తీరున కదులుతాయి కాబట్టి, సూటి మూలలో పూత పలచబడి అక్కడే చిట్లుతుందట. గోనె సంచులు కప్పి వారం రోజులు తడిపి, కొత్త సిమెంటు పూర్తిగా ఆరడానికి దాదాపు నెల రోజులు ఆగి, అప్పుడు ప్రైమరు, జాలీ, పూత వేశాను. జాలీని గోడ మీదికి అరడుగు ఎత్తు వరకు, గొట్టం నోట్లోకి రెండంగుళాలు మడిచాను. చివరికి గొట్టాన్ని ఇసుక మూటతో మూసి, ఆ మూలలో నీళ్లు కట్టి, రెండు రోజులు కింద గదిలో చెమ్మ కోసం చూశాను. ఈ నీళ్ల పరీక్ష 2021లోనే చేసి ఉంటే నా పుస్తకాలు మిగిలేవి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను కోస్తాను దాటినప్పుడు ఆ మూల పొడిగానే ఉంది. ఒక్క తుఫానుకు నిలిచినంత మాత్రాన అది పూర్తిగా బాగుపడిందని నేను ఇప్పుడే అనను.

రోజువారీ వాడకం గురించి కూడా రెండు మాటలు. మిరపకాయలు, వడియాలు ఆరబోయడానికి చాపో చీరో పరిస్తే ఇబ్బంది లేదు. ఇనుప మంచం ఈడ్చిన చోట మాత్రం రెండు గీతలు పడి, వాటికి మళ్లీ పూత వేయవలసి వచ్చింది. మే నెల ఎండలో పూత కొంచెం మెత్తబడుతుంది కాబట్టి పూలకుండీలను నేరుగా పెడితే అచ్చు పడుతుంది. ఇటుక ముక్కల మీద పెట్టుకోవాలి. కేబులు మనిషి గాని, సోలారు మనిషి గాని డాబా మీద బోల్టు బిగిస్తానంటే పక్కన నిలబడి చూడండి, ఒక్క రంధ్రం చాలు పొర కిందికి నీళ్లు దిగడానికి.

మా డాబా మీద పెద్దగా తిరిగేవారు లేరు, పైన మరో అంతస్తు వేసే ఆలోచన లేదు, శ్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బిన చోట్లు లేవు, నాకు వేసవి సెలవులు ఉన్నాయి. ఈ నాలుగూ కలిసివచ్చాయి కాబట్టి నాకు ఇది లాభించింది. పిల్లలు రోజూ క్రికెట్ ఆడే డాబాకు గాని, కప్పు కింద చువ్వలు కనిపిస్తున్న ఇంటికి గాని ఈ పూత చాలదు. రెండో సందర్భంలో ముందు ఇంజనీరును పిలవాలి. నెర్రెల కోసమైతే, సాగే పూతా జాలీ కలిపి వాడమని ఈనాటికీ అంతే గట్టిగా చెబుతాను. ఏడేళ్లు వస్తుందా అంటే, దక్షిణం వైపు ఎండ ఎక్కువ తగిలే భాగంలో పొర ఇప్పటికే పలచబడి, తడిమితే తెల్లని పొడి వేళ్లకు అంటుతోంది. ఈ మే నెలలో అక్కడ మరో పూత వేయాలని ఇరవై లీటర్ల డబ్బా తెచ్చి మెట్ల కింద పెట్టాను, ఈసారి వైరు బ్రష్షులు నాలుగు కొన్నాను.