ఇల్లు మారుతున్నారా? కుక్కకి చిప్ మేలా, ట్రాకర్ మేలా, మెడలో నంబరు మేలా?

ఇల్లు మారబోతున్నాం అని చెప్పే కుక్కల వాళ్లందరూ చివరికి అడిగేది ఒకటే. "కొత్త చోట తప్పిపోతే దొరకాలంటే మైక్రోచిప్ వేయించాలా, ట్రాకర్ కొనాలా?" పిల్లల స్కూళ్లు తెరిచే ముందు ఈ ప్రశ్న మరీ ఎక్కువ, అద్దె ఇళ్లు మారేది అప్పుడే కాబట్టి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు సంగతి ఎవరూ అడగరు. అడగకపోయినా నేను తిరిగి తిరిగి అక్కడికే వస్తాను.

పాత వీధిలో కుక్క గేటు దాటినా పెద్ద టెన్షన్ ఉండదు. ఇస్త్రీ బండి అతనికి అది ఫలానా వాళ్ల కుక్కని తెలుసు. అక్కడి వీధికుక్కలతో కూడా ఎన్నాళ్ల నుంచో ఏదో సర్దుబాటు కుదిరి ఉంటుంది. కొత్త కాలనీలో ఆ రెండూ ఉండవు. మొదటి సందులోనే అక్కడి గుంపు వెంటపడుతుంది. ఇల్లు ఎటో ఇంకా ఒంటబట్టని కుక్క ఎటు ఖాళీగా ఉంటే అటు పరిగెడుతుంది. మెయిన్ రోడ్డు దాటేసిందంటే ఇక మనం వెతికే చోట అది ఉండదు, అది ఉన్న చోటికి మనం వెళ్లం. అందుకే "ఏది లేటెస్ట్" అని కాకుండా "ఆ కుక్క ముందు ఎవరి కంట పడుతుంది, వాళ్ల దగ్గర ఏముంటుంది" అని చూడాలి. మన ఊళ్లలో కంటపడేది వాచ్‌మన్‌కి, టిఫిన్ బండివాళ్లకి, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికి, పొద్దున్నే రోడ్లు ఊడ్చే అమ్మకి. వాళ్లందరి దగ్గరా ఫోన్ ఉంటుంది. చిప్ చదివే స్కానర్ ఉండదు.

చిప్‌తో చిక్కంతా ఇక్కడే. భుజాల మధ్య చర్మం కింద వేసే బియ్యపు గింజంత గొట్టం అది. అందులో 15 అంకెల నంబరు తప్ప ఏమీ లేదు. బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు, మీ పేరు కూడా లేదు. చిప్ వేయిస్తే కుక్క ఎక్కడుందో ఫోన్లో కనిపిస్తుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కనిపించదు. స్కానర్‌ని ఒంటి దగ్గరగా పెట్టి చదవాలి, ఆ నంబరు ఏ డేటాబేస్‌లో ఉందో పట్టుకోవాలి, అందులో రాసి ఉన్న ఫోన్ పని చేస్తూ ఉండాలి. మన దగ్గర దేశమంతటికీ కలిపి ఒకే డేటాబేస్ లేదు. అమెరికాలో 2009లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం షెల్టర్లకి చేరిన కుక్కల్లో చిప్ ఉన్నవి 52 శాతం దాకా ఇల్లు చేరాయి. వీధిలో దొరికి అక్కడికి వచ్చిన కుక్కలన్నీ కలిపి చూస్తే 22 శాతమే. తేడా పెద్దదే. కాకపోతే అది దొరికిన కుక్కని షెల్టర్‌కి తీసుకెళ్లడం, అక్కడ స్కాన్ చేయడం అలవాటున్న దేశం లెక్క. అక్కడ కూడా యజమాని దొరకని కేసుల్లో మూడో వంతుకి పైగా కారణం ఏమిటంటే, రికార్డులో ఉన్న ఫోన్ నంబరు తప్పు కావడమో, పని చేయకపోవడమో. ఇల్లు మారినప్పుడు గ్యాస్ కనెక్షన్, ఆధార్ అడ్రస్ గుర్తుంటాయి, చిప్ రికార్డు ఎవరికి గుర్తుంటుంది?

అలాగని చిప్ వద్దనను. పట్టీ ఊడిపోవచ్చు, ఎవరైనా తీసేయొచ్చు, చిప్‌ని అంత తేలిగ్గా తీయలేరు. "ఈ కుక్క మాది" అని ఇంకొకరు అడ్డం తిరిగితే మీ చేతిలో ఉండే గట్టి రుజువు అదే. చెన్నై కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కలకి దాన్ని తప్పనిసరి చేసింది. కుక్కని అమెరికా తీసుకెళ్లే ఆలోచన ఉంటే 2024 ఆగస్టు నుంచి చిప్ లేకుండా రానివ్వడం లేదు. అంటే వేయించాల్సిన కారణాలు ఉన్నాయి. కొత్త ఇంట్లో మొదటి వారం గట్టెక్కించడం మాత్రం వాటిలో లేదు.

ట్రాకర్లలో ఒక రకం, పట్టీకి తగిలించే బ్లూటూత్ ట్యాగ్. దాని విషయం వేరు. యాపిల్ ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చింది. దానికీ సొంతంగా జీపీఎస్ లేదు. చుట్టుపక్కల ఐఫోన్లు దాన్ని గమనించి చోటు చెబుతాయి. గచ్చిబౌలిలో అయితే నిమిషాల్లో తెలుస్తుందేమో. ఘట్‌కేసర్ అవతల కొత్త వెంచర్లో ఐఫోన్లు ఎన్ని తిరుగుతాయి? ఆండ్రాయిడ్ ఫోన్లతో నడిచే ట్యాగులు వచ్చాక మనలాంటి వాళ్లకి కాస్త నయం. ఒక్క మెలిక ఉంది. గూగుల్ వాళ్ల నెట్‌వర్క్ మామూలు సెట్టింగ్‌లో, రద్దీ ఉన్న చోట అనేక ఫోన్లు గమనించాకే లొకేషన్ చూపిస్తుంది. ఇళ్లు పలచగా ఉన్న చోట, అంటే కుక్క దాక్కునే ఖాళీ ప్లాట్లూ తుమ్మచెట్లూ ఉన్న చోటే, అది చేతులెత్తేస్తుంది. అయినా ఏడాదిపాటు ఛార్జింగ్ గొడవ లేని బిళ్ల కాబట్టి పట్టీకి ఒకటి తగిలిస్తే నష్టం లేదు.

సిమ్‌తో నడిచే జీపీఎస్ ట్రాకర్ అన్నిటికంటే కచ్చితంగా చోటు చూపిస్తుంది. నెలనెలా డబ్బు కట్టాలి, కొన్ని రోజులకోసారి ఛార్జింగ్ పెట్టాలి, చిన్న కుక్కలకి బరువు. సామాన్లు సర్దే హడావుడిలో మన ఫోన్లకే ఛార్జింగ్ పెట్టం. లాబ్రడార్ ఉండి, శివార్లలో విల్లాకి మారుతూ, ఓపిక ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు.

ఇక నంబరు. మా స్నేహితుల కుక్క బుజ్జి, నిజాంపేట నుంచి ప్రగతినగర్ మారిన కొత్తల్లో, నీళ్ల ట్యాంకర్ కోసం గేటు తీస్తే బయటపడింది. రాత్రంతా వీళ్లు బైకుల మీద తిరిగారు. తెల్లారాక ఒక టిఫిన్ సెంటర్ అతను ఫోన్ చేశాడు. పెసరట్టు ముక్క చూపించి దగ్గరికి పిలిచి, మెడలో బిళ్ల తిప్పి చూశాడట. అది అచ్చు వేసిన బిళ్ల, రంగు సగం పోయింది. చివరి అంకె 3 అవునో 8 అవునో తేలక రెండూ కొట్టి చూశాడు. మొదటిసారి ఖమ్మంలో ఎవరో ఆవిడ ఎత్తి, మాకు కుక్కే లేదని కసిరి పెట్టేసిందట. రెండోది తగిలింది. ఇందులో యాప్ లేదు, డేటాబేస్ లేదు. తినడానికి ఏదైనా చేతిలో ఉండి, చదవడం వచ్చిన ఒక మనిషి చాలు.

మున్సిపాలిటీ వ్యాన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెడ బోసిగా ఉన్న కుక్క పట్టుకునేవాళ్లకి వీధికుక్కే. 2023 ఏబీసీ రూల్స్ (జంతువుల సంతాన నియంత్రణ నిబంధనలు) ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక దాన్ని పట్టుకున్న చోటే వదలాలి. మీ కుక్కనీ అక్కడే వదులుతారు, మీ ఇంటి దగ్గర కాదు. మరి ఇల్లు మారే రోజునే చాలామంది పట్టీ తీసేస్తారు! కారు ప్రయాణానికి ఛాతీకి తొడిగే హార్నెస్ వేస్తారు, పట్టీ ఏదో అట్టపెట్టెలోకి పోతుంది. తలుపులన్నీ బార్లా తెరిచి, కూలీలు బీరువా దించుతూ ఉండే గంటలోనే కుక్క మెడలో ఏమీ ఉండదు.

మేం ఈ మధ్య మారినప్పుడు మా దానికి మెడలో ప్లేటు, దానితోపాటు ఒక ఆండ్రాయిడ్ ట్యాగ్ పెట్టాం. చిప్ తర్వాత తీరిగ్గా వేయించాం. ప్లేటు వేలాడే బిళ్ల కాకుండా పట్టీకే రివెట్లు కొట్టిన స్టీలు ముక్క అయితే మంచిది. కొక్కేనికి తగిలించే బిళ్లలు తీగల్లో చిక్కుకుని ఊడిపోతాయి. అంకెలు అచ్చు వేయించకండి, చెక్కించండి. నేమ్‌ప్లేట్లు చేసేవాళ్లని అడిగితే చెక్కి ఇస్తారు. అడ్రస్ అక్కర్లేదు, ఎలాగూ మారుతుంది. కుక్క పేరు కూడా నేను రాయించను, ఆ చోటు రెండో ఫోన్ నంబరుకి కావాలి. రెండోది ఇంట్లోవాళ్లది కాకుండా పాత వీధిలో ఎవరిదైనా అయితే ఇంకా నయం. పాత ఇల్లు దగ్గర్లోనే ఉంటే కుక్క అక్కడికే బయల్దేరే అవకాశం ఉంది. ఆ గేటు ముందు కూర్చుంటే గుర్తుపట్టేది వాళ్లే.