గన్నర్ చెవులకు పనికొచ్చిన వినికిడి క్లినిక్: ఒక మాజీ హవల్దారు రివ్యూ

చెవిలో గుయ్‌మనే మోతని పూర్తిగా ఆపేసే చోటు కోసం వెతుకుతున్నవాళ్ళు ఇక్కడికి వెళ్ళొద్దు. ఫిరంగుల దగ్గర పనిచేసి తెచ్చుకున్న టిన్నిటస్‌ని, అంటే ఈ మోతని, మాయం చేసే మాత్ర గానీ ఆపరేషన్ గానీ ఇంకా రాలేదు. మాయం చేస్తామని బోర్డు పెట్టినవాళ్ళని నమ్మకండి. ఆ మోత ఉండగానే నిద్రపోవడం, ఇంట్లోవాళ్ళ మాట వినడం, పేపరు చదువుకోవడం మళ్ళీ కుదరాలంటే మాత్రం సికింద్రాబాద్ సైనిక్‌పురి దగ్గర నేను వెళ్తున్న క్లినిక్‌లాంటిది వెతుక్కోండి. పేరు రాస్తే ప్రకటన అనుకుంటారని రాయడం లేదు. అక్కడ ఏం చేశారో, ఏ వరసలో చేశారో చెబుతాను. విశాఖలో ఉన్నవాళ్ళయినా కర్నూలులో ఉన్నవాళ్ళయినా తమ ఊళ్ళో క్లినిక్ ఎలాంటిదో దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే గోదావరి జిల్లాల్లో ఎవరైనా చెబుతారు. మా తాతల కాలం నుంచీ ప్రతి వీధిలో ఫౌజీలే. నేను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్ చేసి, మొదట 130 ఎంఎం గన్ మీద, తర్వాత 155 ఎంఎం బోఫోర్స్ మీద పనిచేశాను. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్ వైపు ఉన్నాను. ఆ యుద్ధంలో మన ఆర్టిలరీ రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు ప్రయోగించింది. రాత్రీ పగలూ ఫైరింగే. గన్ పేలినప్పుడు గాలి దెబ్బ ఛాతీకి తగిలేది. ఆర్డర్ వినపడాలి కాబట్టి చెవులు పూర్తిగా మూసుకుని పనిచేయడం గన్ నడిపే ఏ జట్టుకీ కుదిరేది కాదు. ఫైరింగ్ ఆగాక చెవుల్లో కీచురాళ్ళ మోతలా ఒకటి మొదలయ్యేది, తెల్లారేసరికి తగ్గేది. కొన్నేళ్ళకి తగ్గడం మానేసింది. రిటైరై ఇంటికొచ్చాక, చుట్టూ నిశ్శబ్దంగా ఉండే గదిలో పడుకున్నప్పుడు అదెంత పెద్దదో తెలిసింది.

ఫౌజులో మెడికల్ కేటగిరీలకి షేప్ అనే లెక్క ఉంటుంది. అందులో హెచ్ అంటే వినికిడి. ఆరు మీటర్ల దూరం నుంచి డాక్టర్ గుసగుసగా చెప్పిన మాట తిరిగి చెప్పాలి. చెప్పేవాళ్ళం. కానీ చెవిలో మోత ఉందా అన్నది ఆ పరీక్షలో బయటపడేది కాదు. మనం నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది. చెబితే ఎక్కడ కేటగిరీ పడిపోతుందో, కోర్సు పోతుందో, ప్రమోషన్ ఆగుతుందో అని నాతో పనిచేసినవాళ్ళు చాలామంది చెప్పేవాళ్ళు కాదు. ఇప్పటికీ మా యూనిట్ వాట్సాప్ గ్రూపులో షుగరు గురించి మాట్లాడతారు, మోకాళ్ళ గురించి మాట్లాడతారు, దీని గురించి మాట్లాడరు. నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

ఈ క్లినిక్‌కి ముందు వేరే రెండు చోట్లకి వెళ్ళాను. ఒకచోట బలానికని జింకో అనే చెట్టు ఆకులతో చేసే మాత్రలు రాశారు, నెలల తరబడి మింగాను. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో టిన్నిటస్‌కి జింకో, జింక్, మెలటోనిన్ సిఫార్సు చేయొద్దని స్పష్టంగా ఉందని తర్వాత తెలిసింది. ఇంకోచోట ఉచిత వినికిడి శిబిరం అని పిలిచి, పక్కనే టీ బండి, హారన్లు మోగుతుండగా పది నిమిషాల్లో పరీక్ష కానిచ్చి, ఈ రోజే కొంటే సగం ధర అన్నారు. రోడ్డు చప్పుడులో చేసిన వినికిడి పరీక్షకి విలువ లేదు. శబ్దం చొరబడని గది లేని చోట డబ్బు కట్టకండి.

ఇక అసలు క్లినిక్. ఆడియాలజిస్ట్, అంటే వినికిడి పరీక్షించే నిపుణురాలు, చిన్న వయసు అమ్మాయి, డిగ్రీతో పాటు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద పెట్టింది. ముందు చెవిలో గుమిలి ఉందేమో చూసింది. తర్వాత కర్ణభేరి కదలికని గాలి ఒత్తిడితో కొలిచే టింపనోమెట్రీ. ఆ తర్వాత గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా ఒక్కొక్క స్వరం వినిపించింది. గ్రాఫు చేతికిచ్చి, కింది స్వరాల దగ్గర బాగానే ఉన్న గీత 4000 దగ్గరికి వచ్చేసరికి గుంటలో పడ్డట్టు ఎలా దిగిపోయిందో వేలు పెట్టి చూపించింది. పెద్ద చప్పుళ్ళ మధ్య పనిచేసినవాళ్ళ చెవి గుర్తు అదేనట. 85 డెసిబెల్స్ దాటిన చోట రోజంతా పనిచేస్తే చెవికి ప్రమాదం, మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఉండదగిన సమయం సగమవుతుంది. 140 దాటితే ఒక్క పేలుడు చాలు. పెద్ద ఫిరంగి దగ్గర నిలబడినవాడి చెవికి అంతకంటే చాలా ఎక్కువే తగులుతుంది. ఒక్కో చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే సూక్ష్మమైన కేశ కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. మనిషిలో అవి ఒకసారి చస్తే మళ్ళీ పుట్టవు.

తర్వాత చేసిన పరీక్ష నాకు అంతకుముందు ఎవరూ చేయలేదు. నా చెవిలో మోత ఏ స్వరమో కనిపెట్టడం. రెండు స్వరాలు వినిపించి ఏది దగ్గరగా ఉంది సర్ అని అడుగుతూ, మళ్ళీ రెండు, మళ్ళీ రెండు, చివరికి 6000 హెర్ట్జ్ దగ్గర ఆగింది. అచ్చం అదే. ఇన్నేళ్ళూ నా ఒక్కడికే వినిపించిన చప్పుడు మొదటిసారి బయట నుంచి వినిపించింది. నా కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆ అమ్మాయి కాసేపు ఆగి, మంచినీళ్ళు ఇచ్చి, తర్వాత దాని గట్టిదనం కొలిచింది. నాకు వినపడే అతి సన్నని చప్పుడు కంటే కొద్ది డెసిబెల్స్ మాత్రమే ఎక్కువ ఉంది. ఇంతేనా అని నేను నిర్ఘాంతపోతే, "చాలామందికి ఇంతే ఉంటుంది సర్, కానీ మీకు పెట్టే బాధ ఇంతే అని ఈ అంకె చెప్పదు" అంది. చెవి నుంచి రావలసిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తన వాల్యూమ్ తనే పెంచుకుంటుందనీ, ఆ పెంచుకున్న వాల్యూమే మోతలా వినిపిస్తుందని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారనీ చెప్పింది. మెదడు దాన్ని ప్రమాదం అని గుర్తుపెట్టుకుంటే రాత్రంతా కాపలా కాస్తుంది. ప్రమాదం కాదని నేర్పితే పట్టించుకోవడం తగ్గిస్తుంది. సెంట్రీ డ్యూటీ చేసినవాడికి ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

టిన్నిటస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ అని 25 ప్రశ్నల ఫారం ఒకటి ఉంటుంది. అవును అంటే 4, ఒక్కోసారి అంటే 2, లేదు అంటే 0, మొత్తం నూటికి. నాకు 62 వచ్చింది, అంటే తీవ్రం అనే మెట్టు. ఫారం ఇంగ్లీషులో ఉంటే తను ఒక్కో ప్రశ్నా తెలుగులో చదివి చెప్పింది. దీనివల్ల మీకు కోపం వస్తోందా, దీన్నుంచి తప్పించుకోలేననిపిస్తోందా లాంటి ప్రశ్నలు. నా భార్య పక్కనే కూర్చుని వింది. అన్నం దగ్గర నేను మాట్లాడకపోవడానికి కారణం అలక కాదనీ, నలుగురూ ఒక్కసారి మాట్లాడితే నాకు మాటలు విడిపడవనీ తనకి ఆరోజు అర్థమైంది. ఎవరు వెళ్ళినా ఇంట్లోవాళ్ళని వెంట తీసుకెళ్ళండి.

మొదటి రోజు ఏదీ అమ్మలేదు. ముందు రాత్రి పూట పూర్తి నిశ్శబ్దంలో పడుకోవద్దంది. ఫ్యాన్ చప్పుడు చాలకపోతే ఫోన్లో రీసౌండ్ రిలీఫ్ అనే యాప్ వేసుకోమంది. దింపుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. వాన, అలలు, గాలి లాంటి చప్పుళ్ళు మనకి నచ్చినట్టు కలుపుకోవచ్చు. ఒక్కటే నియమం పెట్టింది. ఆ చప్పుడు మోతని ముంచేసేంత పెద్దగా ఉండకూడదు, రెండూ వినపడుతూ ఉండాలి. ముంచేస్తే మెదడు అలవాటు పడటం నేర్చుకోదు. నేను గోదావరి వానలాంటి చప్పుడు కుదుర్చుకున్నాను. యంత్రం సంగతి తర్వాత, ముందు ఇది చేసి చూడండి. ఖర్చు లేదు.

తర్వాత వినికిడి యంత్రాలు ట్రయల్‌కి ఇచ్చింది. చెవి వెనక చిన్న భాగం, సన్నని తీగ, లోపల స్పీకరు ఉండే రకం. కంపెనీని బట్టి టిన్నిటస్ పద్ధతి మారుతుంది. వైడెక్స్‌లో జెన్ అని గంటల్లాంటి స్వరాలు వస్తాయి, ఒకటే రాగంలా తిరిగి రావు. సిగ్నియాలో నాచ్ అని, మన మోత ఉన్న స్వరం దగ్గర మాత్రం శబ్దం పెంచకుండా వదిలేసే పద్ధతి ఉంది. ఇంకొన్నిట్లో సన్నని హోరు వస్తుంది. జెన్ స్వరాలు వినడానికి హాయిగా ఉన్నాయి, కానీ నేను వాటినే వింటూ కూర్చుంటాను. నాకు పట్టించుకోనక్కర్లేని హోరే కుదిరింది. మీకు వేరేది కుదరొచ్చు, అందుకే ట్రయల్ లేకుండా కొనొద్దు. విచిత్రం ఏమిటంటే నాకు ఎక్కువ మేలు చేసింది ఆ హోరు కూడా కాదు, మామూలు వినికిడి సాయమే. పిట్టల కూత, కుక్కర్ విజిల్, మనవరాలి మాటల్లో స, ష, త లాంటి అక్షరాలు తిరిగి వచ్చేసరికి మెదడుకి వేరే పని దొరికింది. పగలు మోత వెనక్కి జరిగింది. టీవీ వాల్యూమ్ గురించి ఇంట్లో గొడవ పోయింది.

ఆమె చేసిన ఇంకో మంచి పని, నన్ను క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపడం. నాకు పిచ్చి లేదమ్మా అన్నాను. "మీకు పిచ్చి అని కాదు సర్, టిన్నిటస్ బాధని తగ్గించడంలో ఎక్కువ రుజువులున్నది మాటలతో ఆలోచన తీరు మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకే" అంది. వెళ్ళాను. దీపావళి రాత్రి బాంబు పేలితే నాకు ఒళ్ళంతా ఎందుకు బిగుసుకుంటుందో, ఆ తర్వాత మోత ఎందుకు పెరిగినట్టుంటుందో అక్కడ మొదటిసారి నోరు విప్పి చెప్పాను. ద్రాస్‌లో పోయినవాళ్ళ గురించి కూడా. ఫౌజీలు ఈ మెట్టు దగ్గర వెనక్కి తగ్గుతారు, దయచేసి తగ్గకండి. కొన్ని నెలల తర్వాత అదే 25 ప్రశ్నలు మళ్ళీ అడిగితే 34 వచ్చింది. మోత అదే స్వరంలో అలాగే ఉంది. నేను రాత్రి నిద్రపోతున్నాను.

లోపాలు కూడా చెప్పాలి. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న మా వయసువాళ్ళకి ఇది చాలా ఇబ్బంది. ఆడియాలజిస్ట్ ఒక్కరే, ఆమె సెలవు పెడితే సర్దుబాట్లు ఆగిపోతాయి. తర్వాతి విజిట్లకి ఫీజు ఎంతో మొదట్లోనే కాగితం మీద రాసివ్వాలి, ఇవ్వలేదు. యంత్రం చార్జింగుది. ఊరెళ్ళినప్పుడు కరెంటు పోతే ఒక పూట చెవులు లేనట్టే, అందుకని ఊళ్ళలో ఉండేవాళ్ళు బ్యాటరీ మార్చే రకం అడగండి.

ఖర్చు తక్కువ కాదు. జతకి లక్ష దాటింది. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఉన్నవాళ్ళు ముందు పాలీక్లినిక్‌కి వెళ్ళి రిఫరల్ రాయించుకోండి. యంత్రానికి ఒక పరిమితి వరకే డబ్బు వస్తుంది, పైది మనమే పెట్టుకోవాలి. సొంతంగా ముందే కొనేసి తర్వాత బిల్లు పెడదామనుకోవద్దు. అంత పెట్టలేనివాళ్ళకి బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వానిది, వినికిడి పరీక్షలు తక్కువ ఖర్చులో అవుతాయి.

అమెరికాలో మాజీ సైనికులు పరిహారం పొందే వైకల్యాల్లో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది టిన్నిటస్సే. సైన్యానికి అమ్మిన ఇయర్‌ప్లగ్స్ సరిగ్గా పనిచేయలేదన్న కేసుల్లో 2023లో త్రీఎం కంపెనీ సుమారు 600 కోట్ల డాలర్లకి రాజీపడింది. అక్కడివాళ్ళు నోరు తెరిచి చెప్పారు కాబట్టే అది లెక్కలోకి వచ్చింది. ఇప్పుడు సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు ఫైరింగ్ ప్రాక్టీసుకి వెళ్ళినప్పుడు చెవి రక్షణ పెట్టుకోండి, మోత మొదలైతే మెడికల్ రికార్డులో రాయించండి. రిటైరయ్యాక రుజువు అడిగితే ఆ కాగితమే దిక్కు.

మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపిస్తున్నా, వినికిడి హఠాత్తుగా పడిపోయినా ఈ క్లినిక్‌లకి వెళ్ళేముందు ఈఎన్‌టీ డాక్టర్ని చూడండి. హఠాత్తుగా పడిపోతే అదే రోజు వెళ్ళాలి, ఆలస్యమైతే మందు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. క్లినిక్‌కి ఆదివారం సెలవు, శనివారం రద్దీ. ఉదయం మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి, అప్పటికి రోడ్డు చప్పుళ్ళతో చెవి అలిసిపోయి ఉండదు.